జత సమీకరణాల లెక్క ఎక్కడ తప్పుతోంది?

తెలియని రాశులను భాస్కరాచార్యుడు 1150లో తన బీజగణితంలో యా, కా అని రాశాడు. ఇక్కడ మనమూ అవే వాడదాం.

సమస్య: విలువలు ఒక సమీకరణంలో సరిపోతున్నాయి, రెండోదాంట్లో సరిపోవడం లేదు.

3యా + 5కా = 27
3యా − 2కా = 6

యా పోవాలని పైదాంట్లోంచి కిందిదాన్ని తీసేస్తాం. 5కా లోంచి −2కా తీసేస్తే 7కా. తొందరలో 3కా అని రాస్తే కా = 7, యా = 20/3 వస్తాయి. వాటిని కింది సమీకరణంలో వేసి చూడండి: 20 − 14 = 6, చక్కగా సరిపోయింది! సరిపోక ఏమవుతుంది, యా విలువ రాబట్టింది అందులోంచే కదా. పైదాంట్లో వేస్తే 20 + 35 = 55. అక్కడ దొరికిపోతుంది దొంగ.

పరిష్కారం: నేరుగా తీసేయకండి. కింది సమీకరణంలో అన్ని గుర్తులూ మార్చి, కుడివైపు 6ను కూడా −6 చేసి, కూడండి. 7కా = 21, కా = 3, యా = 4. సరిచూసేటప్పుడు విలువ రాబట్టిన సమీకరణాన్ని పక్కనపెట్టి రెండోదాంట్లో వేయాలి.

గుర్తులు బాగానే ఉన్నా తేడా వస్తోందా? గుణకాలు (యా, కా ముందుండే సంఖ్యలు) సమానం చేసేటప్పుడు ఎడమవైపు గుణించి, కుడివైపు సంఖ్యను వదిలేశారేమో చూడండి.

సమస్య: యా, కా రెండూ ఎగిరిపోయాయి.

టెన్షన్ పడకండి. ప్రతిక్షేపణ పద్ధతిలో 0 = 0 వస్తే, ఒక సమీకరణం నుంచి రాబట్టిన యాను మళ్ళీ అందులోనే పెట్టారేమో ముందు చూసుకోండి. అలా కాకపోతే లెక్కే అలాంటిది. 2యా + 4కా = 10, 3యా + 6కా = 15 గ్రాఫులో ఒకే రేఖ, సాధనలు అనంతం. 15 బదులు 16 ఉంటే, గుణకాలు 6, 12గా సమానం చేసి తీసేసినప్పుడు 0 = 2 మిగులుతుంది. అవి సమాంతర రేఖలు, కాబట్టి 'సాధన లేదు' అన్నదే జవాబు. కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టక్కర్లేదు.

సమస్య: రెండంకెల సంఖ్య 36 రావాలి, 63 వచ్చింది.

అంకెల మొత్తం 9, తిరగేస్తే సంఖ్య 27 పెరుగుతుంది అన్నారనుకోండి. పదుల అంకె యా అయితే సంఖ్య 10యా + కా. తిరగేసిందే పెద్దది కాబట్టి (10కా + యా) − (10యా + కా) = 27, అంటే కా − యా = 3. 63 వచ్చిందంటే ఈ తీసివేతను తారుమారు చేశారన్నమాట. సాధించిన మెట్లలో వెతికితే ఈ తప్పు దొరకదు, ప్రశ్న మళ్ళీ చదవాల్సిందే.