కారు పాలసీ కాగితంలో ముందు చూడాల్సింది ప్రీమియం కాదు, ఐడీవీ

మీ కారు పాలసీ ఒకసారి బయటికి తీయండి, ఫోన్లో పీడీఎఫ్ ఉంటే అదైనా సరే. మనలో చాలామంది కింద ఉన్న మొత్తం చూసి, పోయినేడు కంటే తగ్గిందా పెరిగిందా అనుకుని మూసేస్తాం. దాని పైనే రెండు గళ్లు ఉంటాయి, ఒకటి ఓన్ డ్యామేజ్, ఇంకోటి లయబిలిటీ, అంటే మనం థర్డ్ పార్టీ అనేది. ఈ రెండూ విడివిడిగా అర్థమైతే మిగతా కాగితమంతా తేలికే, ఐడీవీ (పాలసీలో మన కారుకి రాసిన విలువ) కూడా.

థర్డ్ పార్టీ అంటే మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టం. ఇది చట్టప్రకారం తప్పనిసరి. లేకుండా దొరికితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 జరిమానా, 3 నెలల దాకా జైలు కూడా పడొచ్చు. దీని రేటు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో పెట్టిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094, 1500 సీసీ దాకా 3,416, ఆ పైన 7,897, వీటి మీద జీఎస్టీ అదనం. ఏ కంపెనీలోనైనా ఇది ఒకటే కాబట్టి ఇక్కడ బేరానికి చోటు లేదు. ఎదుటి మనిషి ప్రాణం పోతే పరిహారానికి పరిమితి లేదు, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఎంత అంటే అంత కంపెనీ కట్టాలి; గోడలు, బండ్లు లాంటి ఆస్తి నష్టానికైతే 7.5 లక్షల వరకే. మన సొంత కారుకి మాత్రం దీన్నుంచి ఒక్క రూపాయి రాదు.

మన కారుకి వచ్చేది ఓన్ డ్యామేజ్ నుంచి. 2007 నుంచి ఈ ధర కంపెనీల చేతిలోనే ఉంది, అందుకే ఒకే కారుకి నాలుగు కంపెనీలు నాలుగు రేట్లు చెబుతాయి. కారు ఇంజిన్ సీసీ, వయసు, రిజిస్ట్రేషన్ ఊరు కూడా లెక్కలోకి వస్తాయి (హైదరాబాద్ బండి 'ఏ' జోన్, విజయవాడ, విశాఖ బండ్లు 'బీ' జోన్, అందుకే ఈ రెండూళ్లలో కాస్త తక్కువ). కానీ అన్నిటికంటే పెద్దది ఐడీవీ. కారు మొత్తం పోతే, దొంగలెత్తుకెళితే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అదే. షోరూం ధర లోంచి వయసుని బట్టి తరుగు తీసేస్తారు: ఏడాది నుంచి రెండేళ్ల బండికి 20 శాతం, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50. అంటే 8 లక్షల కారుకి రెండున్నరేళ్లు నిండితే ఐడీవీ 5.6 లక్షల దగ్గర ఉండాలి. "మీకోసం రెండు వేలు తగ్గించాను సార్" అని ఎవరైనా అంటే వెంటనే ఐడీవీ చూడండి. చాలాసార్లు దాన్ని 4.8 లక్షలకు దించేసి ఆ రెండు వేలు తగ్గించి ఉంటారు.

ఇక ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే అంతా వాళ్లే కడతారని అనుకుంటాం కదా, అక్కడే దెబ్బ తింటాం. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ భాగాలకు సగమే ఇస్తారు. బంపర్ 12,000 అయితే 6,000 మనదే, దానిపై 1500 సీసీ లోపు బండికి ప్రతి క్లెయిమ్‌కీ 1,000 మన జేబులోంచి, పెయింట్ సరుకులోనూ సగం కోత. జీరో డెప్ అనే యాడ్-ఆన్ (అదనపు ప్రీమియం కట్టి తీసుకునే రక్షణ) ఉంటే చాలా భాగాలకు ఆ సగం కోత ఉండదు. కొత్త కారుకి మొదటి ఐదేళ్లూ ఇది తీసుకోమనే నేను చెబుతాను, కాకపోతే ఏడాదికి ఎన్ని క్లెయిములకు వర్తిస్తుందో అడిగి తీసుకోండి.

ఇంకో యాడ్-ఆన్ ఇంజిన్ ప్రొటెక్ట్, నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే ఆదుకునేది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మా బాబాయి కారు డాష్‌బోర్డ్ దాకా మునిగింది. నీళ్లు తీశాక, బురద కడిగి, పనిచేస్తుందేమో చూద్దామని ఆయన తాళం తిప్పాడు. ఒక్కసారి గట్టిగా టక్ మని శబ్దం వచ్చి ఆగిపోయింది. సిలిండర్లలో నీళ్లుంటే పిస్టన్ పైకి వెళ్లలేదు, నీళ్లు గాలిలా నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి సీట్లు, కార్పెట్లు, వైరింగ్ రాసుకుని ఇంజిన్ మాత్రం పక్కన పెట్టాడు: వరద వల్ల పాడైంది వేరు, స్టార్ట్ చేయడం వల్ల పాడైంది వేరు అని. లక్ష దాటిన బిల్లు బాబాయే కట్టుకున్నాడు, ఆయన పాలసీలో ఆ యాడ్-ఆన్ లేదు. చెరువు పక్కనో, లోతట్టు కాలనీలోనో, సెల్లార్ పార్కింగ్‌లోనో బండి పెట్టేవాళ్లు ఇది తప్పకుండా వేయించుకోండి. అది ఉన్నా సరే, మునిగిన కారు తాళం తిప్పకండి. ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, టోయింగ్ బండి మీద వర్క్‌షాపుకి పంపండి.

ప్రీమియం నిజంగా తగ్గించేది నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకి 50. ఓన్ డ్యామేజ్ 9,000 ఉంటే 4,500 తగ్గినట్టే. ఆ దశలో డోరు మీద 3,000 గీతకి క్లెయిమ్ వేస్తే మొత్తం సున్నా అవుతుంది, మళ్లీ 50కి రావడానికి ఐదేళ్లు. చిన్నవి చేతి డబ్బుతో చేయించుకోవడమే మేలు. ఈ బోనస్ కారుది కాదు, మీది. కారు అమ్మేటప్పుడు పాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఈ బోనస్ ఎంతుందో చెప్పే లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్లకి పాత ఓనరు బోనస్ రాదు, పాలసీ కూడా 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించాలి, లేదంటే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ దగ్గర గొడవే. తెల్ల నంబర్ ప్లేటు కారుని కిరాయికి తిప్పినా, తాగి నడిపినా, లైసెన్స్ గడువు దాటినా క్లెయిమ్ తిరస్కరిస్తారు.

కొత్త కారు వాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. షోరూంలో మూడేళ్ల ఇన్సూరెన్స్ అంటారు కానీ చాలా పాలసీల్లో మూడేళ్లు ఉండేది థర్డ్ పార్టీకే, ఓన్ డ్యామేజ్ ఏడాదికే అయిపోతుంది. కాగితంలో రెండిటికీ తేదీలు వేరుగా రాసి ఉంటాయి. ఆ తేదీ దాటి ఒక్క రోజైనా కంపెనీ మళ్లీ కారు చూడాలంటుంది, మధ్యలో గుద్దితే అది మన ఖర్చే, 90 రోజులు దాటితే అన్నేళ్ల బోనస్ కూడా పోతుంది. గడువుకి నెల ముందే ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి, నాలుగు కోట్‌లు తీసుకుని, అన్నిట్లో ఒకే ఐడీవీ వేయించి అప్పుడు రేటు పోల్చండి.