మెమొరీస్ ఆఫ్ మర్డర్ చూసే పద్ధతి

హంతకుడెవరో కనిపెట్టేద్దామని కూర్చుంటే మాత్రం ఈ సినిమా మీకు కాదు గురూ. డైరెక్టర్ బాంగ్ జూన్ హో 2003లో దీన్ని తీసేనాటికి, ఈ కథకి ఆధారమైన దక్షిణ కొరియాలోని హ్వాసంగ్ వరుస హత్యల కేసు ఇంకా తేలలేదు. చూడాల్సింది పోలీసుల్ని.

వైజాగ్‌లో ఉంటే మంచి వీలుంది. అక్టోబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త రాగానే ముసురు పట్టిన రాత్రి ఒకటి చూసుకోండి, సినిమాలో హత్యలు జరిగేది వాన రాత్రుల్లోనే కాబట్టి కిటికీ అవతల కూడా అదే చప్పుడుంటే టెన్షన్ ఇంకా పెరుగుతుంది. కరెంటు సంగతి తెలిసిందేగా, ల్యాప్‌టాప్ ఫుల్‌గా ఛార్జ్ చేసుకోండి. ఆడియో కొరియన్‌లోనే పెట్టి సబ్‌టైటిల్స్ చదువుకోండి, ఊరి డిటెక్టివ్‌గా వేసిన సాంగ్ కాంగ్ హో గొంతులో ఉన్న బడాయి డబ్బింగ్‌లో రాదు. మిరపకాయ బజ్జీలు ముందే తినేయండి, శవం మొదట్లోనే కనిపిస్తుంది. పిల్లలు పడుకున్నాకే మొదలుపెట్టండి.

పొలం సీన్ రాగానే ఫోన్ పక్కన పడేయాలి. దారి మీద పాదముద్ర దొరుకుతుంది, దాని దగ్గరికి ఎవర్నీ రానివ్వొద్దని డిటెక్టివ్ మొత్తుకుంటుంటాడు, పిల్లలేమో పరిగెడుతుంటారు, గట్టు దిగే పెద్ద అధికారి జారి పడతాడు, ఈ గోలలో ఒక ట్రాక్టర్ తాపీగా వచ్చి ఆ ముద్ర మీదుగా పోతుంది. ఇదంతా ఒకే షాట్. మన జంక్షన్లలో యాక్సిడెంట్ దగ్గర మూగే జనం గుర్తొచ్చి నవ్వొస్తుంది, కానీ సాక్ష్యం పోయినట్టే కదా!

ఇంకోటి, నల్ల నూడుల్స్ సీన్. తాము కొట్టిన అనుమానితుణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని, టీవీలో పోలీసు సీరియల్ చూస్తూ అందరూ కలిసి తింటారు. అలాగే సియోల్ నుంచి వచ్చిన డిటెక్టివ్‌ని మొదట్నుంచీ గమనించండి. కాగితాలు అబద్ధం చెప్పవనే ఆ మనిషి చివరికి ఎలా తయారవుతాడో నేను చెప్పను.

ఆఖరి షాట్ అయ్యేదాకా గూగుల్ జోలికి పోవద్దు. అయ్యాక అసలు కేసు చదవండి: 1986 నుంచి 1991 దాకా పది హత్యలు, 2006 నాటికి కేసు పెట్టే గడువే దాటిపోయింది. 2019లో డీఎన్ఏతో దొరికినవాడు అప్పటికే మరదల్ని చంపిన కేసులో జైల్లో ఉన్నాడు. వాడి గురించి చదివి ఆగిపోకండి. ఆ పదింటిలో ఒక హత్యకి పోలీసులు బలవంతంగా ఒప్పించిన ఇంకో మనిషి దాదాపు ఇరవై ఏళ్లు జైల్లో గడిపాడు, నిర్దోషి అని కోర్టు తేల్చింది 2020 డిసెంబరులో.