మోడల్ ట్యాంకుకు చరిత్రకు సరిపడే రంగు ఎంచుకోవడం ఎలా?

సీసా మూత మీద ‘జర్మన్ గ్రే’ అని ఉన్నంత మాత్రాన అది మీ ట్యాంకు రంగు అయిపోదు. షోలాపూర్‌లో ఉంటూ ఈ రంగులను ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు ఆర్డరు పెట్టే ముందే కొంత పని ముగించుకోవాలి.

మొదట తేదీ, యుద్ధరంగం తేల్చుకోండి. రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు టైగర్ 1నే తీసుకుందాం. 1942 ఆగస్టు చివర్లో లెనిన్‌గ్రాడ్ దగ్గర తొలిసారి యుద్ధంలోకి దిగినప్పుడు దాని రంగు ముదురు బూడిద, అంటే ఆర్ఏఎల్ (జర్మన్ రంగుల ప్రమాణ పట్టిక) సంఖ్య 7021. 1943 ఫిబ్రవరిలో జర్మన్ సైన్యం ఆదేశం మార్చి ముదురు పసుపును (7028) మూల రంగు చేసింది. దాని మీద వేసే ఆలివ్ ఆకుపచ్చ (6003), ఎర్ర గోధుమ (8017) రంగులు ముద్దగా డబ్బాల్లో దళాలకు అందేవి. నీళ్లతోనో పెట్రోలుతోనో పలచన చేసి సిబ్బందే పూసుకునేవారు. చారలు, మచ్చలు, పలచదనం ఒక్కో ట్యాంకుకు ఒక్కో తీరుగా ఉండటానికి కారణం ఇదే. 1943 జూలైలో రష్యాలోని కుర్స్క్ యుద్ధంలో పోరాడిన టైగర్‌కు నిలువెల్లా బూడిద పూస్తే మాత్రం తెలిసినవారు ఊరుకోరు. అమెరికా షెర్మన్‌తో ఇంత తంటా లేదు, చాలావాటికి ఆలివ్ డ్రాబ్ (మట్టి ఛాయ ఆకుపచ్చ) ఒక్కటి చాలు.

తరువాత ఫొటోలు వెతకండి. నలుపు తెలుపు ఫొటోలో మచ్చల ఆకారం, అంచుల పదును నమ్మవచ్చు. ఛాయను నమ్మకూడదు. అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్) ట్యాంకుల మ్యూజియం మనకు ఒక రోజు ప్రయాణం. తప్పకుండా వెళ్లండి, కానీ అతుకులు, బోల్టులు, గొలుసు పట్టాలు చూడటానికి. ఆరుబయట ఎండకు, వానకు నిలిచే ట్యాంకులకు మళ్లీ మళ్లీ రంగు వేస్తారు కాబట్టి అక్కడ కనిపించేది యుద్ధకాలపు పూత అనుకోవద్దు.

ఇప్పుడు సీసా సంగతి. ఒకే 7028 పేరుతో అమ్మే రంగులు కూడా కంపెనీని బట్టి మారతాయి. టామియా కంపెనీ ముదురు పసుపు ఎక్స్‌ఎఫ్-60తో మొదలుపెట్టి, 1/35 (అసలు ట్యాంకులో 35వ వంతు) మోడల్‌కు పది పాళ్లకు ఒక పాలు లేత రంగు కలపడం నా పద్ధతి. చిన్న వస్తువు మీద ముదురు రంగు మరీ నల్లబడి కనిపిస్తుంది. 1/72కు ఇంకొంచెం ఎక్కువ కలపవచ్చు.

మోడల్‌కు పూసే ముందు ప్లాస్టిక్ చెంచా మీద ప్రైమర్, రంగు, మ్యాట్ వార్నిష్ మూడూ వేసి ఆరనివ్వండి. వార్నిష్‌తో ఛాయ మారుతుంది. ఆ చెంచాను పగటి వెలుగులో చూడండి. ట్యూబ్‌లైటు కింద సరిపోయిన నూలు రంగు వీధిలోకి తెస్తే తేలిపోతుందని అద్దకం పని తెలిసిన మన పద్మశాలి ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పాలా?

ఏప్రిల్, మే నెలల్లో యాక్రిలిక్ రంగు కుంచె మీదే ఎండిపోతుంది. ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ రెండు చుక్కలు కలిపి, ఎండ ముదరకముందే పని చేసుకోండి.