భగత్ సింగ్ ఆలోచనలను నలుగురూ కలిసి చదవడం ఎలా?

మార్చి 23 వచ్చిందంటే హనుమకొండ, వరంగల్ కూడళ్లలో భగత్ సింగ్ ఫ్లెక్సీలు వెలుస్తాయి. పూలదండ వేసి, ‘ఇంక్విలాబ్ జిందాబాద్’ అని నినదించి వెళ్లేవారిలో ఆయన రాసిన ఒక్క పుటనైనా చదివినవారు తక్కువేనని నా అనుభవం. ఇరవై మూడేళ్లకే లాహోర్ జైలులో ఉరికంబమెక్కిన ఆయన, దేశం ఏ తీరుగా మారాలో, ఆ మార్పును ఎవరు తేవాలో, ఆ తర్వాత అధికారం ఎవరి చేతిలో ఉండాలో రాసిపెట్టి వెళ్లారు. ఆ రచనలను పది పన్నెండు మంది కలిసి నాలుగు ఆదివారాల్లో చదివే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

చోటు కోసం వెతుక్కోనక్కరలేదు. 1904లోనే శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయాన్ని నెలకొల్పుకున్న హనుమకొండలో గ్రంథాలయపు గది దొరకకపోతే ఇంటి డాబా అయినా సరిపోతుంది. ఒకరు గట్టిగా చదవాలి, మిగిలినవారి చేతుల్లో జెరాక్స్ కాపీలు ఉండాలి. చదువు రానివారు కూడా గోష్ఠిలో సమానంగా పాల్గొనడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు. ముక్కలు ఏరుకోకుండా వ్యాసాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవండి. ఫోన్లలో తిరిగే సూక్తులను మాత్రం, ఎప్పుడు, ఏ సందర్భంలో అన్నారో తేలనిదే గోష్ఠిలోకి రానివ్వకండి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, తేదీల వరుసలో చదవడం. ఆయన ఆలోచన ఏటేటా మారుతూ, పదునెక్కుతూ వచ్చింది. 1928 నాటి మాటను 1931 నాటి మాట పక్కన పెట్టి చూడనివారికి ఆయనలో తుపాకీ తప్ప మరొకటి కనిపించదు.

మొదటి ఆదివారానికి 1928 జూన్‌లో ‘కీర్తి’ అనే పంజాబీ పత్రికలో వచ్చిన రెండు వ్యాసాలు తీసుకోండి. ఒకటి మతకలహాల గురించి, మరొకటి అంటరానితనం గురించి. కలహాల వేళ నాయకులూ పత్రికలూ పోషించిన పాత్రను మొదటిది కఠినంగా విమర్శిస్తుంది, వాటి మూలం ఆర్థిక దుస్థితిలో ఉందంటుంది. రెండోది అంటరానివారిని ఉద్దేశించి, అసలైన శ్రామికవర్గం మీరే, మీ కాళ్ల మీద మీరే నిలబడి సంఘటితం కండి అని పిలుపునిస్తుంది. తొందరపడి తర్వాతి పాఠానికి వెళ్లకండి. మన ఊళ్ల వాడల సంగతి మాట్లాడుకోకుండా ఈ వ్యాసం చదివినా చదవనట్టే.

రెండో వారం 1929 జూన్ 6 నాటి కోర్టు ప్రకటన. ఏప్రిల్ 8న బటుకేశ్వర్ దత్‌తో కలిసి ఢిల్లీ కేంద్ర శాసనసభలో బాంబులు వేసిన కేసులో ఇచ్చినది అది. విప్లవమంటే బాంబులు, పిస్తోళ్ల ఆరాధన కాదనీ, అన్యాయం మీద నిలిచిన వ్యవస్థ మారడమనీ అందులో స్పష్టం చేశారు. లోకానికి బట్ట నేసేవాడికి తన పిల్లల ఒంటిని కప్పేంత బట్ట లేదన్న మాట వచ్చినచోట ఆగండి. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే వారిలో ఒకరిని ఆ రోజు పిలుచుకోగలిగితే, ఆ వాక్యం మీద మొదట మాట్లాడే అవకాశం ఆయనకే ఇవ్వండి.

మూడో వారం, 1930 అక్టోబరులో జైలులో రాసిన ‘నేనెందుకు నాస్తికుడినయ్యాను’ అనే వ్యాసం. మా గోష్ఠిని నేను తొలిసారి దీనితోనే మొదలుపెట్టాను. దేవుడున్నాడా లేడా అన్న వాదనలోనే సాయంత్రం గడిచిపోయి, ఇద్దరు మిత్రులు మళ్లీ రాలేదు. ఆ తప్పు మీరు చేయకండి. విమర్శ, స్వతంత్ర ఆలోచన విప్లవకారుడికి తప్పనిసరి లక్షణాలని ఆయన చెప్పిన చోట చర్చను నిలపండి.

నాలుగో వారం పూర్తిగా 1931 ఫిబ్రవరి 2 నాటి పత్రానికి కేటాయించండి. ఉరికి ఏడు వారాల ముందు, యువ రాజకీయ కార్యకర్తల కోసం రాసిన పత్రం అది. తాను ఉగ్రవాదిలా ప్రవర్తించినట్టు కనిపించినా ఉగ్రవాదిని కానని, దీర్ఘకాలిక కార్యక్రమం ఉన్న విప్లవకారుడినని అందులో చెప్పుకున్నారు. నిజమైన సైన్యం పల్లెల్లో, కార్ఖానాల్లో ఉందన్నారు. బ్రిటిష్ వైస్రాయ్ లార్డ్ ఇర్విన్ స్థానంలో భారతీయ మితవాద నాయకుడు సర్ తేజ్ బహదూర్ సప్రూ కూర్చుంటే రైతుకు ఒరిగేదేమిటని అడిగారు. నా దృష్టిలో ఆయన రాజకీయ దర్శనమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. పాలకుడి రంగు మారడాన్ని ఆయన స్వాతంత్ర్యమని ఒప్పుకోలేదు.

ఈ ప్రశ్నను మన నేల మీదికి తెచ్చి చూడండి. నేటి జనగామ జిల్లాలోని కడవెండిలో 1946 జులై 4న వెట్టికి, భూస్వాముల దౌర్జన్యానికి ఎదురునిలిచిన రైతాంగ కార్యకర్త దొడ్డి కొమరయ్య, భూస్వామి అయిన విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు బలయ్యారు. నిజాం పాలన పోయాక వెట్టి చేసిన కుటుంబాలకు ఏది మారింది, ఏది మారలేదు? భగత్ సింగ్ పంజాబు గురించి రాసినదాన్ని తెలంగాణకు యథాతథంగా అతికించకండి; పోలిక ఎక్కడ కుదురుతుందో, ఎక్కడ కుదరదో రెండు వరుసలుగా రాసుకోండి. ఆ కాగితం నింపడానికి కనీసం గంటసేపు కేటాయించి, వెట్టి రోజులను ఇంటి పెద్దల నోట విన్నవారిని ముందుగా మాట్లాడనివ్వండి.