కస్టడీ కేసులో పిల్లల మనసులోని మాట జడ్జికి చేరాలంటే ఏం చేయాలి?

"అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా?" అని ఇంటికొచ్చిన చుట్టాలు పిల్లలను ముద్దుగా అడుగుతుంటారు. విడిపోయిన అమ్మానాన్నల్లో పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చే కస్టడీ కేసు నడుస్తున్నప్పుడు అదే ప్రశ్న పసి గుండెలో ముల్లులా దిగుతుంది. అందుకే ముందుగా, అమ్మమ్మ, తాతయ్యలతో సహా ఇంట్లో ఎవరూ ఆ మాట అడగకుండా చూడండి.

తర్వాత చట్టం సంగతి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఆలోచించి తన ఇష్టం చెప్పగల వయసున్న పిల్లల మాటను కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చు. అది ఎన్నేళ్లో చట్టం చెప్పలేదు. పిల్లలతో ఛాంబరులో, అంటే తన సొంత గదిలో, విడిగా మాట్లాడాలని జడ్జిగారిని కోరుతూ దరఖాస్తు పెట్టండి. ఫ్యామిలీ కోర్టులో ఇరుపక్షాల్లో ఏ ఒక్కరు కోరినా విచారణ బయటివారు లేకుండా జరపాలి. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టంలోని 11వ సెక్షన్ ఇచ్చిన ఈ వెసులుబాటును తప్పక వాడుకోండి.

వెళ్లే ముందు రోజు బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి: "రేపు జడ్జిగారు నీతో మాట్లాడతారు. నీకు అనిపించింది చెప్పు. తెలియకపోతే తెలియదను. ఎవరి దగ్గర ఉండాలో తేల్చేది నువ్వు కాదు, జడ్జిగారు." ఈ చివరి వాక్యం మరిచిపోవద్దు. ఆ భారం దిగితేనే పిల్లలు నోరు విప్పుతారు.

మాటలు మాత్రం నేర్పకండి. ఏడేళ్ల పాప "నాన్నగారు బాధ్యతారహితంగా వ్యవహరించారు" అంటే అవి ఎవరి మాటలో జడ్జికి ఇట్టే తెలిసిపోతుంది. అంతకన్నా ఘోరం, ఆ పాప అసలు చెప్పాలనుకున్నది లోపలే ఉండిపోతుంది.

కోర్టు వరండాలో చాలాసేపు కూర్చోవాల్సి రావచ్చు. మంచినీళ్లు, టిఫిన్ డబ్బా, రంగు పెన్సిళ్లు వెంట ఉంచుకోండి. అవతలి వైపు నుంచి నాన్నో అమ్మో కనబడి బిడ్డ పరుగెత్తబోతే చెయ్యి పట్టి లాగకండి. వెళ్లనివ్వండి.

బయటికి వచ్చాక "ఏమడిగారు, నువ్వేం చెప్పావు?" అని ఆరా తీయవద్దు. అన్నం పెట్టి ఆడుకోనివ్వండి.

పిల్లల కోరిక, పిల్లల మేలు ఒకటి కాకపోవచ్చని 2022లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో గుర్తుచేసింది. కాబట్టి బిడ్డ చెప్పినట్టే ఉత్తర్వు రాకపోతే, ఆ మాట వృథా అయిందని బిడ్డ ముందు అనకండి. కస్టడీ ఉత్తర్వు శాశ్వతం కాదు. ఎదిగేకొద్దీ బిడ్డ మనసు గానీ పరిస్థితులు గానీ మారితే, మార్పు కోరుతూ మళ్లీ కోర్టుకు వెళ్లవచ్చు.