పాత పికప్: ఉంచుకోవాలా, అమ్మేయాలా, ఇంట్లో వాళ్లకి ఇచ్చేయాలా

ముందు బండి కిందకి దూరండి. రేటెంత పలుకుతుంది, నాన్న వాడిన బండి కదా, పిల్లాడికి ఇస్తే ఎలా ఉంటుంది, ఇవన్నీ తర్వాత. ఒక పాత దుప్పటి, టార్చిలైటు, పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, బండిని చదునైన చోట నిలిపి, గేరులో వేసి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి కిందకి వెళ్లండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని మాత్రం దూరకండి, పికప్ ఎలాగూ ఎత్తుగానే ఉంటుంది కాబట్టి జాకీ అవసరం కూడా రాదు. చాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే కింది చట్రం, చూడకుండా వేసే లెక్కలన్నీ గాల్లో లెక్కలే.

ఎందుకంటే చాలా పికప్‌లు నిచ్చెనలాంటి ఉక్కు చట్రం మీద ముందు క్యాబిన్, వెనక తొట్టి విడివిడిగా బిగించి తయారుచేసినవి. ఇంజిన్ పోతే ఇంకో ఇంజిన్ దించుకోవచ్చు, గేర్‌బాక్స్ పోతే పాతదొకటి వెతుక్కోవచ్చు, డోరు సొట్టపడితే అలాగే తిరగొచ్చు. చట్రాన్ని తుప్పు తినేసిందంటే ఇక మిగతాదంతా ఎంత బాగున్నా విడి సామాను కిందే లెక్క.

చూడాల్సిన చోట్లు కొన్నే. వెనక కమాన్ కట్టలు (కుదుపుల్ని ఓర్చే ఉక్కు పట్టీల స్ప్రింగులు) చాసిస్‌కి బిగించి ఉండే బ్రాకెట్లు, వెనక చక్రాల పైన చాసిస్ వంపు తిరిగే భాగం, స్టెప్నీ వేలాడే చోట దాని పైనున్న అడ్డపట్టీ, పెట్టెలా మూసి ఉన్న భాగాల్లో నీళ్లు కారిపోవడానికి పెట్టిన చిల్లులు. ఈ చిల్లుల్లో మట్టి కూరుకుపోతే తుప్పు లోపలి నుంచి తింటుంది, పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ వెళ్లండి, మంచి ఉక్కు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డబ్‌మని మొద్దుగా మోగుతుంది. తర్వాత మొనతో గట్టిగా పొడవండి. ఎర్రపొడి రాలితే కంగారు లేదు, పెచ్చులు పెచ్చులుగా ఊడితే బాగా తెలిసిన వెల్డర్‌కి చూపించాలి, మొన లోపలికి దిగిపోతే మాత్రం ఉంచుకోవడం, పిల్లలకివ్వడం అనే రెండు మాటలూ అక్కడికక్కడే పక్కన పెట్టేయండి, కనీసం ఆ వెల్డర్ చూసి చెప్పేదాకా.

మా నాన్న బండికి ఎడమవైపు కమాన్ కట్ట బ్రాకెట్‌కి జానెడు ముందు నా స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. అంతకు ముందు ఏడాదే ఒక షెడ్డులో డబ్బు పోసి కింద కోటింగ్ వేయించాం, వాళ్లు మట్టి కూడా కడగకుండా దాని మీదే నల్లరంగు కొట్టేశారు, మేం చూసుకోలేదు. నల్లగా తళతళలాడుతుంటే బాగుందనుకున్నాం. అందుకే కొత్తగా వేసిన కోటింగ్ కనబడితే నాకిప్పుడు అనుమానం ఎక్కువవుతుంది.

ఇది చవక బండ్లకే వచ్చే జబ్బు అనుకోకండి. మన్నికకి పేరుపడ్డ టొయోటా కూడా టకోమా, టండ్రా పికప్‌ల చాసిస్ తుప్పు మీద అమెరికాలో పడ్డ కేసులో 2016లో రాజీకి వచ్చి, ఆ పరిధిలోకి వచ్చే బండ్లకి తనిఖీ చేసి, అవసరమైతే చాసిస్ మార్చిపెడతామని ఒప్పుకుంది.

చాసిస్ బాగుంటే అప్పుడు ఇంజిన్. రాత్రంతా కదలకుండా ఉన్న బండిని పొద్దున్నే మీరే సెల్ఫ్ కొట్టండి, ఇంకొకరిని వెనక నిలబెట్టి పొగ చూడమనండి. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే, రేడియేటర్‌లో నీళ్లు కూడా తగ్గుతుంటే, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ తలకీ మొండేనికీ మధ్య సీలు) పోయిందని అనుమానించాలి. డీజిల్ బండిలో లోడు మీద కాస్త నల్లపొగ కనిపిస్తే భయపడక్కర్లేదు, ఖాళీగా వెళ్తున్నా నల్లగా కక్కుతుంటే ఇంజెక్టర్లో టర్బోనో గాలి ఫిల్టరో ఏదో ఒకటి చూపించుకోవాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి దాని మీదే వదులుగా పెట్టండి, మూత ఎగిరెగిరి పడుతూ పొగ తన్నుతుంటే బోరుకొచ్చిందని, అంటే లోపల సిలిండర్లు అరిగాయని అనుమానించాలి, ఖాయం చేసుకోవాలంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంతుందో కొలిచే కంప్రెషన్ టెస్ట్. సిలిండర్‌కీ సిలిండర్‌కీ మధ్య 10-15 శాతం కన్నా ఎక్కువ తేడా వస్తే ఇంజిన్ పని ఉందని అర్థం. అన్నిటిలో సమానంగా కొంచెం తగ్గి ఉంటే అది వయసు, దానితో ఇంకా చాలా దూరం వెళ్లొచ్చు.

టైమింగ్ బెల్ట్ (పిస్టన్లు, వాల్వులు ఒకదానికొకటి తగలకుండా లయలో నడిపించే బెల్టు) ఉన్న ఇంజినైతే చివరిసారి ఎప్పుడు మార్చారో కనుక్కోండి. ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో బండి పుస్తకంలో ఉంటుంది, చాలావాటికి లక్ష కిలోమీటర్ల నుంచి లక్షా అరవై వేల మధ్యలో పడుతుంది, కిలోమీటర్లు తిరగకపోయినా ఏళ్లు దాటితే మార్చాల్సిందే. చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని గుద్దేస్తాయి. ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తు లేకపోతే, మార్చలేదనే అనుకుని లెక్కలో రాసేయండి.

హౌసింగ్ (వెనక చక్రాల మధ్య పళ్లచక్రాలుండే గుండు) ఆయిల్, గేర్ ఆయిల్ దించినప్పుడు కింద నట్టుకి ఉన్న అయస్కాంతం చూడండి. బూడిదరంగు పేస్టులా అంటుకుంటే మామూలు అరుగుదల, వేళ్లకి గుచ్చుకునే ముక్కలు దొరికితే లోపల పళ్లు విరుగుతున్నాయి. టైర్లలో గీత ఎంత లోతుందో చూసి ఊరుకోవద్దు, పక్కన నాలుగంకెలుంటాయి, 3519 అంటే 2019లో 35వ వారంలో తయారైందని. తక్కువ తిరిగే పికప్‌ల టైర్లు అరక్కముందే ముసలివైపోతాయి. స్టెప్నీ అయితే మరీను, బండితో పాటే పుట్టిన స్టెప్నీలు ఎన్ని చూశానో.

ఇప్పుడు కాగితం, పెన్ను. గత మూడేళ్లలో బండికి ఎంత పెట్టారో బిల్లులన్నీ వెతికి రెండు కుప్పలు చేయండి. టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, క్లచ్, ఆయిల్, బేరింగులు ఒక కుప్ప. ఇవి ఏ బండికైనా అరుగుతాయి, కొత్త బండి కొన్నా నాలుగేళ్లకి మళ్లీ ఇవే కొనాలి. రెండో కుప్పలో అసలు రాకూడని ఖర్చులు: మళ్లీ మళ్లీ అదే చోట తుప్పు, వైరింగ్ గోల, వేడెక్కడం, ఏ మెకానిక్కీ అంతుపట్టని చప్పుడు. మొదటి కుప్ప పెద్దదైనా ఉంచుకోవచ్చు. రెండోది ఏడాదికేడాది పెరుగుతోందంటే బండి మీకు చెప్పాల్సింది చెప్పేస్తోంది.

బండి విలువ కన్నా రిపేరు ఖర్చు ఎక్కువైతే అమ్మేయాలని చాలామంది అంటారు. నాకు ఆ సూత్రం నచ్చదు. పాత బండి విలువ పడాల్సినంతా ఎప్పుడో పడిపోయింది, దాన్ని దేంతో పోల్చినా రిపేరు పెద్దగానే కనిపిస్తుంది. అడగాల్సింది ఏంటంటే, ఈ డబ్బు పెడితే ఇంకా ఎన్నాళ్లు టెన్షన్ లేకుండా తిరుగుతుంది, అదే పని చేసే ఇంకో బండి కొంటే ఆ కాలంలో దాని కిస్తీలు, ఇన్సూరెన్సు, ఏటా పడిపోయే విలువ అన్నీ కలిపి ఎంతవుతుంది. చాసిస్ గట్టిగా ఉన్న బండికి ఇంజిన్ పని చేయించడం చాలాసార్లు లాభమే. చాసిస్ పోయినదానికి కొత్త టైర్లు వేయించడం కూడా దండగే.

ఇంకో లెక్క, దీన్ని అందరూ దాటేస్తారు. గత ఏడాదిలో వెనక తొట్టి నిజంగా ఎన్ని రోజులు వాడారు? క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కపెట్టండి, ఉజ్జాయింపుగా చెప్పొద్దు. నేను నలభై అనుకున్నాను, తీరా చూస్తే తొమ్మిది. తొమ్మిది రోజులకి బండి అద్దెకి తెచ్చుకుంటే సరిపోతుంది. అదే వారానికి రెండుసార్లు సామాను వేసేవాళ్లకి, పక్కన గీతలు పడతాయేమోనని ఆలోచించకుండా ఇసుక పోసుకునే పాత బండి కన్నా సుఖం ఇంకోటి ఉండదు, వాళ్లు అమ్మకపోవడమే మంచిది.

అన్నిటికన్నా చెడ్డ నిర్ణయం ఏదంటే ఏదీ తేల్చకుండా చెట్టుకింద పెట్టేయడం. చూద్దాంలే అంటూ ఏడాది గడిచేసరికి బ్యాటరీ చచ్చిపోతుంది, బ్రేకు డ్రమ్ములు పట్టేస్తాయి, పెట్రోలు పాతబడి జిగురు కడుతుంది, ఎలకలు వైర్లు కొరుకుతాయి, టైర్లు ఒకేచోట ఆని నొక్కుకుపోతాయి. నడుస్తున్న బండికి వచ్చే రేటులో సగం కూడా ఆగిపోయిన బండికి అడగలేరు, ఎందుకంటే కొనేవాడికి దాన్ని నడిపి చూసే వీలుండదు. ఉంచుకోవాలనుకుంటే రెండు వారాలకోసారైనా ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలా ఒక అరగంట రోడ్డు మీద తిప్పండి. నిలబెట్టి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం తిప్పినట్టు కాదు, దానివల్ల ఆయిల్లోకి తేమ చేరడం తప్ప ఒరిగేదేం లేదు.

ఇక ఇంట్లో వాళ్లకి ఇవ్వడం. ఇక్కడే మనసు ఎక్కువ మాట్లాడుతుంది, కాబట్టి ఇక్కడే కాస్త కఠినంగా ఉండాలి. మీరిస్తున్నది బండితో పాటు దాని ఇన్సూరెన్సు, దాని రిపేర్లు, దాన్ని పెట్టుకునే జాగా కూడా. మా మేనల్లుడికి ఇద్దామని అందరం అనేసుకున్నాం, వాడిని ఎవరూ అడగలేదు. చివరికి అడిగితే, తల వంచుకుని “మామయ్యా, నాకు అది నడపాలంటే భయం, తాతయ్య బండి కదా, గీత పడితే ఎవరికి చెప్పుకోవాలి?” అన్నాడు. వాడు చెప్పింది నిజమే. పెద్దవాళ్ల జ్ఞాపకం ఉన్న బండిని కుర్రాడికిస్తే వాడు దాన్ని వాడలేడు, అమ్మలేడు.

తీసుకుంటానన్నా కూడా, వెంటనే పేరు మార్చకుండా ముందు రెండు నెలలు వాడుకోనివ్వండి. ఇన్సూరెన్సు వాళ్లకి ఎవరు నడుపుతున్నారో ముందే చెప్పి, ఆ రెండు నెలల ఖర్చులన్నీ తీసుకునేవాళ్లనే పెట్టుకోమనండి. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉంటే బండి రేటు ఎంతో బయట ఇద్దరి దగ్గర కట్టించి, అందరి ముందు చెప్పి ఇవ్వండి, లేకపోతే పదేళ్ల తర్వాత ఏదో పెళ్లిలో ఆ మాట బయటికొస్తుంది.

భద్రత సంగతి మొహమాటం లేకుండా చూడాలి. ఖాళీ పికప్‌కి బరువంతా ముందే ఉంటుంది, వెనక తేలిక, తడి రోడ్డు మీద మలుపులో కాస్త గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే తోక జారుతుంది. దాన్ని సర్దే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో తేలిక వాహనాలన్నిటికీ 2012 మోడల్ నుంచి, యూరప్‌లో కొత్త కార్లన్నిటికీ 2014 నుంచి తప్పనిసరి అయింది, అంతకన్నా పాత పికప్‌లలో చాలావాటికి అది లేదు. మనకి ఇరవై ఏళ్ల అలవాటు కాబట్టి కాలు దానంతటదే తేలిగ్గా పడుతుంది. నిన్న లైసెన్సు వచ్చిన కుర్రాడికి పడదు. ఎయిర్‌బ్యాగులున్న పాత బండైతే చాసిస్ నంబరు కొట్టి కంపెనీ రీకాల్, అంటే లోపమున్న బండ్లని వెనక్కి పిలిచి బాగుచేసే పని, ఏమైనా పెండింగ్ ఉందేమో చూడండి. టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో, బ్యాగు విచ్చుకోవడానికి వాడిన అమోనియం నైట్రేట్ మందు ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలి పాడై, విచ్చుకునేటప్పుడు లోహపు ముక్కలు ఎగిరి మనుషులు చనిపోయారు, ప్రపంచం మొత్తమ్మీద కోట్ల బండ్లని వెనక్కి పిలిచారు, వాటిలో పికప్‌లూ ఉన్నాయి. రీకాల్ పని ఉచితంగానే చేస్తారు.

అమ్మాలని తేలితే పెద్ద రిపేర్లు చేయించకండి, పెట్టినంత తిరిగి రాదు. వెలగని లైటు, అరిగిన వైపరు, తెగిన డోరు హ్యాండిల్ లాంటివి బాగుచేయించి, లోపల శుభ్రంగా తుడిపించండి చాలు. ఇంజిన్‌ని మాత్రం అద్దంలా కడిగించొద్దు, తెలిసినవాడైతే ఆయిల్ లీకు దాచడానికే కడిగించారనుకుంటాడు. ఫోటోలు తీసేటప్పుడు కింద చాసిస్ ఫోటోలు కూడా పెట్టండి, వెల్డింగ్ చేయించి ఉంటే అది కనిపించేలా. బేరానికి వచ్చేవాళ్లు తగ్గుతారు, వచ్చినవాళ్లు మాత్రం కొనే ఉద్దేశంతోనే వస్తారు. చూడ్డానికి వచ్చే ముందు ఇంజిన్ వేడి చేసి పెట్టకండి, చల్లగా ఉన్నప్పుడు వాళ్లచేతే స్టార్ట్ చేయించండి. చాసిస్ పోయిన బండిని నడిచే బండిగా ఎవరికీ అంటగట్టొద్దు, విడి సామాను కింద ఇచ్చేయండి, మంచి ఇంజిన్, హౌసింగ్, గేర్‌బాక్స్ ఉంటే ఆశ్చర్యపోయేంత వస్తుంది.

డబ్బు చేతికొచ్చాక పేరు మార్పిడి కాగితాలు మీరే దగ్గరుండి పూర్తి చేయించండి, “నేను చేయించుకుంటాలెండి” అన్న మాటకి తాళాలు ఇచ్చేయొద్దు, రేపు ఆ బండితో ఎవరినైనా గుద్దితే మొదటి ఫోను మీకే వస్తుంది.

మా బండికి ఆ తిన్నచోట పట్టీ వేసి వెల్డింగ్ చేయించి, ఆ సంగతి చెప్పే అమ్మాం. కొన్నాయన అరగంట కింద పడుకుని చూశాడు, తర్వాత క్యాబిన్‌లో కూర్చుని ఎండ అడ్డానికుండే పలక కిందకి దించాడు. దాని వెనక అట్టముక్క మీద నాన్న పెన్సిల్‌తో పదకొండేళ్ల ఆయిల్ మార్పులు కిలోమీటర్లతో సహా రాసుకున్నాడు, మేమెవరం ఎప్పుడూ చూడలేదు. నేను దాన్ని ఊడదీయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, అది బండితోనే ఉండాలన్నాడు. ఫోటో తీసుకుని వదిలేశాను.