అలల్లో ఫ్లై ఫిషింగ్: నీళ్లలో దిగే ముందు

బీచ్‌కి చేరగానే రాడ్ బిగించి నీళ్లలోకి పరుగెత్తకండి. ఓ ఇరవై నిమిషాలు పొడి ఇసుక మీద నిలబడి సముద్రాన్ని చూడండి. కాసేపు చిన్న అలలే వస్తాయి, పర్వాలేదనిపిస్తుంది. అంతలో నాలుగైదు పెద్దవి వరసగా వచ్చి పడతాయి. ఆ పెద్ద వరస ఎంతవరకు ఎక్కుతుందో చూశాకే దిగాలి.

అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో నురగ లేకుండా నిమ్మళంగా కనిపించే సందు రిప్ కరెంట్ కావచ్చు. అక్కడ నీరు లోపలికి లాగుతుంది. చిక్కేమిటంటే, చేపలు తిండికోసం తిరిగేదీ ఆ సందు అంచుల్లోనే. అందుకే దాన్ని వదులుకోమని చెప్పను. పక్కన నిలబడి ఫ్లై (కొక్కేనికి ఈకలు, దారం చుట్టి చేసిన ఎర) అందులోకి వేయండి, మీరు మాత్రం అడుగు పెట్టకండి. పొరపాటున లాగేస్తే రాడ్ వదిలేయండి. ఒడ్డుకి ఎదురీదొద్దు. ఒడ్డు వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు తిరగండి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యి ఊపండి.

నాకు రిప్ కన్నా ఎక్కువ భయం ఇసుక దిబ్బలంటే. ఆటు మీద మోకాలి లోతు పల్లం దాటి దిబ్బ ఎక్కుతాం. చూపంతా ఫ్లై మీదే, వెనక ఏం జరుగుతోందో పట్టదు. ఆటు నుంచి పోటుకి చాలా తీరాల్లో సుమారు 6 గంటలు పడుతుంది. అయితే నీరు సమానంగా పెరగదు, దాదాపు సగం మధ్య 2 గంటల్లోనే ఎక్కేస్తుంది. తిరిగొచ్చేసరికి అదే పల్లం నడుము దాటి ఉంటుంది. నీరు తిరిగే టైమ్‌కి ఫోన్‌లో అలారం పెట్టుకుని, మోగగానే ఇంకొక్క క్యాస్ట్ అనకుండా వచ్చేయండి.

లాగిన లైన్ నీళ్లలో వదిలితే వెనక్కి వెళ్లే అల దాన్ని కాళ్లకి చుట్టేస్తుంది. ఒకసారి నా చీలమండకి రెండు చుట్లు పడ్డాయి. వంగి విప్పుకుంటుంటే తర్వాతి అల భుజం మీద పడింది. అప్పటినుంచి నడుముకి స్ట్రిప్పింగ్ బాస్కెట్ (లాగిన లైన్ పడే బుట్ట) లేకుండా దిగను. వేడర్స్ (నీళ్లలో దిగేందుకు వేసుకునే, నీరు చొరని పొడవాటి ప్యాంటు) వేసుకుంటే పైన బెల్ట్ బిగించండి, పడినా నీరు గబగబా లోపలికి నిండదు.

కుడిచేత్తో వేసేవాళ్లకి కుడివైపు నుంచి వీచే గాలి ప్రమాదం. సీసపు కళ్లున్న బరువైన ఫ్లైని గాలి నేరుగా తల మీదకి తోస్తుంది. అలాంటప్పుడు ఒడ్డు వైపు తిరిగి ముందుకి వేసి, వెనక్కి ఊపేటప్పుడు లైన్ సముద్రం మీదకి వదలండి. వేసే ముందు వెనక మనుషులు లేరని చూసుకోండి. కళ్లజోడు, టోపీ తప్పనిసరి. కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లుని ప్లయర్‌తో నొక్కేస్తే గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది.

వెచ్చటి నీళ్లలో టేకు చేపలు (తోకకి విషపు ముల్లుండే స్టింగ్‌రేలు) ఇసుకలో కప్పుకుని పడుకుంటాయి. పాదం ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ నడిస్తే అవే తప్పుకుంటాయి. ముల్లు దిగితే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పాదం ఉంచి ఆసుపత్రికి వెళ్లండి. ఛాతీకో పొట్టకో గుచ్చుకుంటే ముల్లు లాగకుండా వెంటనే అంబులెన్స్ పిలవాలి.

ఉరుము వినిపిస్తే మాత్రం ఆలోచన వద్దు. తెరిపి నేలలో పైకి నిలబెట్టిన 9 అడుగుల కార్బన్ రాడ్ పిడుగుని పిలిచినట్టే. రాడ్ కింద పెట్టి కారులోకో భవనంలోకో వెళ్లండి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రావద్దు.